అతుకుల మెడదస్తీ

పోయిన వారం వనపర్తిలో కుట్టించుకున్న చొక్కాలు తెచ్చుకుందామని దర్జీ దుకాణానికి వెళ్లి, అలవాటు కొద్దీ మిగిలిన గుడ్డ ముక్కలేవని అడిగితే, కుట్టే అబ్బాయి కాళ్ల దగ్గరున్న పెద్ద సంచీ చూపించి, "ఏం జేస్తవ్ తాతా గీ పీలికలు? బొంత కుడ్తవా?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఊళ్లో అందరి గుడ్డలూ అందులో కలగలిసి ఉన్నాయి, చెత్తబండి రాగానే అందులో పడిపోతాయట. ఒకప్పుడు అరచేయంత ముక్క కోసం ఒక మనిషి పరువు వీధిన పడబోయిందని చెబితే ఆ అబ్బాయి నమ్మడని ఊరుకున్నాను గానీ, నా ఈడువాళ్లు నమ్ముతారన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను కోడేరు బడిలో కొత్తగా చేరిన పంతులును. అన్నావదినల ఇంట్లోనే ఉండేవాణ్ణి. అన్న సేద్యం చూసుకునేవాడు, వదిన అరుగు మీద కుట్టుమిషను వేసుకుని ఊళ్లో ఆడవాళ్లకు రైకలు, పిల్లలకు లాగులు కుట్టేది. ఏదైనా వరుసలో చెప్పడం నాకు అలవాటు కాబట్టి ముందు ముక్కల సంగతి చెప్పాలి. మా వైపు ఆ రోజుల్లో కుట్టినవాళ్లు మిగిలిన ముక్కలన్నీ మూటగట్టి, కొత్త రైకతో పాటు తిరిగి ఇచ్చేయాలి. ముక్కలు ఇవ్వని దర్జీకి మళ్లీ ఎవరూ గుడ్డ ఇచ్చేవాళ్లు కారు. ఆ మూటలతో వాళ్లేం చేసేవాళ్లంటే, చాలామంది ఏమీ చేసేవాళ్లు కాదు. సందుగ అడుగున పడేసేవాళ్లు, అయినా తమ ముక్క తమ ఇంటికి రావాలి. కొందరు మాత్రం, ముఖ్యంగా మా వెనకింట్లో ఉండే, గాజులు అమ్ముకునే ముస్లిం ఆవిడ, మేమంతా చాచి అని పిలిచేవాళ్లం, "నాకెందుకు బిడ్డా, నువ్వే పెట్టుకో" అని వదిలేసి పోయేవాళ్లు.

అలా మిగిలిన ముక్కలతోనే వదిన మెడదస్తీలు, అంటే మెడకు చుట్టుకునే రుమాళ్లు, కుట్టడం మొదలుపెట్టింది. దానికి కారణం మా చేనికి కూలికి వచ్చే చిన్నక్క. జొన్న కోతల రోజుల్లో నూగు మెడ మీద రాలి, చెమటకు అంటుకుని, సాయంత్రానికి ఆమె మెడంతా ఎర్రగా దద్దురెక్కేది. వదిన అది చూసి, చేతికందిన ముక్కలు అతికి, మూడు మూలల దస్తీ ఒకటి కుట్టి ఆమెకిచ్చింది. మర్నాడు కూలికొచ్చిన ఆడవాళ్లంతా మాకూ కావాలని అరుగు దగ్గర చేరారు.

వదిన పనితనం గురించి చెప్పడమంటే నాకిప్పటికీ ఇష్టమే. ముందు ముక్కలన్నీ నీళ్లలో నానబెట్టి రంగు దిగేదాన్ని పక్కకు తీసేది, లేకపోతే చెమటకు మెడంతా రంగవుతుంది. నైలాను గుడ్డ చెమట పీల్చదని ముట్టుకునేదే కాదు. అన్నిటికంటే నాకు విచిత్రంగా తోచింది మరొకటి. లోకమంతా కుట్టు గరుకు లోపలికి పెట్టి నున్నటి వైపు బయటికి చూపిస్తుంటే, ఆమె దస్తీల్లో అతుకుల గరుకంతా పైకే ఉండేది. చూసేవాళ్లకు అందం కోసం మెడకు రాపిడి ఎందుకని ఆమె లెక్క. అయినా ఆ దస్తీలు అందంగానే ఉండేవి. గద్వాల చీర అంచు ముక్క ఒకటి దొరికితే దాన్ని సరిగ్గా ముడి పడే చోట వచ్చేలా అతికేది. సోమశిలకు నదీస్నానానికి పోయినప్పుడు అంత జనంలోనూ మా ఊరివాళ్లను ఆ మెడల్ని బట్టే పోల్చుకునేవాళ్లం.

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి అరుగు ముందు గొడవగా ఉంది. ఎదురింటి పెద్ద రైతు కోడలు చిన్నక్క మెడలోని దస్తీని వేలితో చూపిస్తూ, "గా పసుపుపచ్చ పూల గుడ్డ నాదక్కా. నా రైక గుడ్డ దీని మెడకెట్ల వోయింది? నువ్వన్న ఇచ్చి ఉండాలె, ఇదన్న తీసి ఉండాలె!" అంటోంది. చిన్నక్క ముడి విప్పి, దస్తీని మడిచి మా గడప మీద పెట్టింది. "నాకొద్దమ్మా గీ గుడ్డ. నూగు వడ్తే గోక్కుంట గని, దొంగనంటే ఎట్ల వడ్త," అని తల వంచుకుని నిలబడింది. పది ఇళ్లలో పనికి పోయే మనిషి ఆమె. ఆ మాట ఊళ్లో పాకితే మళ్లీ ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. నేను కోపంగా ఏదో అనబోతే వదిన నా వైపు చూసి, "నువ్వు జర ఊకో," అంది. తర్వాత ఆ కోడలితో మెల్లగా, "నీ ముక్కల మూట ఇంట్ల ఉంది గద చెల్లే? పట్కరాపో, సూద్దాం," అంది.

ఆమె విసురుగా వెళ్లి మూట తెచ్చింది. వదిన అరుగు ఊడ్చి, ఆ రైక కత్తిరించిన కాగితం అచ్చులు వరసగా పరిచి, వాటి సందుల్లో మూటలోని ముక్కలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయింది. చంక వంపు పక్కన వంపు ముక్క, మెడ దగ్గర గుండ్రటి ముక్క, అంచున సన్నటి పేలిక. చివరి ముక్క పెట్టేసరికి ఆమె ఇచ్చిన గుడ్డ మొత్తం ఎక్కడా సందు లేకుండా మా అరుగు మీద పరుచుకుంది. చిన్నక్క దస్తీలోని పసుపు ముక్కకు అందులో చోటే లేదు. ఇంతలో గాజులమ్మే చాచి వెనకింటి నుంచి వచ్చి, "అది నా బిడ్డ కుర్తా ముక్కనే. అంగట్ల ఒక్క తానే దిగింది, ఊర్ల సగం మందిమి గా పువ్వే కొన్నం. నేను గూడ నిన్ను దొంగవంటనా మరి?" అనేసరికి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వదిన నవ్వలేదు. గడప మీది దస్తీని ఆ కోడలి చేతికిచ్చి, "విప్పిచ్చింది నువ్వే. నువ్వే కట్టు," అంది.

ఆ రోజుల్లో ఆ ఇంటి కోడలు కూలి మనిషిని తాకడమంటే ఎంత మాటో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. అయినా ఆ కోడలు దస్తీ మడతలు విప్పింది. ఆ తర్వాత చిన్నక్క వెనక నిలబడి, గరుకు పైకి వచ్చేలా చూసి మరీ, ముడి వేసింది. "బిగిసిందా?" అని అడిగింది. "లేదమ్మా, సక్కగుంది," అంది చిన్నక్క, కళ్లు తుడుచుకుంటూ. ఆ ఏడాదంతా ఎదురింటివాళ్లు మాకు కుట్టుపని ఇవ్వలేదు. ఏడాది తిరిగాక ఆ కోడలే ఒక పెద్ద ముక్కల మూట తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

రోజూ నాలుగు వాక్యాలు రాసుకునే అలవాటున్నా, ఆ గొడవ జరిగిన సాయంత్రం నేను ఏమీ రాసుకోలేకపోయాను. మర్చిపోతానన్న భయం ఎందుకో కలగలేదు. ఇప్పుడు జొన్న తగ్గి పత్తి వచ్చింది, కోతకు యంత్రాలొచ్చాయి, దస్తీలు దుకాణంలో కట్టలుగా దొరుకుతున్నాయి. మెడలకు సుఖమే, కాదనను. వదిన ఉన్నా సంతోషించేదే. కాకపోతే ఆ రోజుల్లో ఎవరి ఒంటి మీది గుడ్డ ఎవరిదో పూలతో సహా మాకు తెలిసేది, తెలుసు కాబట్టే నిలదీయగలిగేవాళ్లం, నిలదీసిన చేత్తోనే మళ్లీ ముడి వేయగలిగేవాళ్లం. ఇప్పుడు మా వీధిలో ఎవరు ఏం కట్టుకున్నారో నేను చూడను, నా చొక్కా వైపు ఎవరూ చూడరు.