చేప దవడ

మొన్న ఒక చేనేత ప్రదర్శనలో, అద్దాల పెట్టెలో చేప దవడను చూశాను.

పొందూరులో మా నాయనమ్మ రోజంతా వాలుగ చేప దవడకున్న సన్నని పళ్లతో పత్తి దువ్వేది. అది కనబడకపోతే పని మానేసి నన్ను అరసవల్లి గుడికి తీసుకెళ్తుందనుకుని, ఏడేళ్ల నేను ఒక ఉదయం దాన్ని నా పుస్తకాల సంచిలో దాచేశాను.

"నా దవడ సూసినావేటే?" అంది.

"నాకు తెల్దు" అన్నాను.

పక్కింటావిడ తన దవడ ఇస్తానంది. "వొద్దమ్మా, నా సెయ్యికి అదే అలవాటు" అంటూ నాయనమ్మ ఇల్లంతా వెతికి, చివరికి గోడకి చేరబడింది. అరసవల్లి ఊసెత్తలేదు. అన్నం ముట్టలేదు. ఒళ్లో పెట్టుకున్న చేతుల్లో ఏమీ లేకపోయినా, వేళ్లు మాత్రం పత్తి దువ్వుతున్నట్టే కదులుతున్నాయి. ఆ వేళ్లను చూస్తుంటే నాకు భయం వేసింది.

మధ్యాహ్నం దాటాక దవడ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, దెబ్బ కోసం కళ్లు గట్టిగా మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కాసేపటికి పత్తి దువ్వుతున్న చప్పుడు వినబడింది.

ఇప్పటికి నాలుగు ఉద్యోగాలు మారాను. ఏ ఒక్కదాన్ని వదిలేసినా నా వేళ్లు దానికోసం అలా వెతుక్కోలేదు.