అరిగిన బూట్లు, మిగిలిన డబ్బు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. సైన్యం ఖర్చులు చూసే ఆ ఆఫీసు రెండో అంతస్తులో అందరికీ ఆమె ఎందుకమ్మే. ఏ ఫైలు వచ్చినా పక్కనున్న ఖాళీలో పెన్సిలుతో "ఎందుకు?" అని రాసి వెనక్కి పంపేది. ఆ ఒక్క మాటకు ఛాతీనిండా పతకాలున్న అధికారులు కూడా నీళ్లు నమిలేవారు. వెనకాల తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. తిట్టుకుంటే తిట్టుకున్నారు, కొండల మీద కాపలా కాసే సిపాయిల కాళ్లు వెచ్చగా ఉన్నాయంటే ఆ పెన్సిలు చలవే.

ఒకసారి ఒక జనరల్ గారు తమ భోజనశాలకు మఖమల్ తెరలు కావాలన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఆ అంచనా. ఎందుకమ్మ మామూలుగానే ఫైలు తిప్పి పంపింది. జనరల్ గారు మెట్లు దిగి స్వయంగా వచ్చారు.

"ఏమ్మా, తెరలకి కూడా కారణం చెప్పాలా?"

"చెప్పాలి సార్. ముందు కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

"ఎండ పడుతోందమ్మా."

"ఏ వేళప్పుడు సార్?"

"సాయంత్రం నాలుగింటికి."

"నాలుగింటికి భోజనం ఎవరు చేస్తారు సార్?"

ఆయన గ్లాసు ఖాళీ చేసి, పకపకా నవ్వి, ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. ఎందుకమ్మ పద్ధతే అంత. తగ్గించమని ఆమె ఎవరికీ రాసేది కాదు. అడిగేది, జవాబు దొరక్క వాళ్లే తగ్గించుకునేవారు. 

"తగ్గించవచ్చు" అన్న మాట ఆమె తన సర్వీసంతటిలో ఒక్కసారే రాసింది. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. కొండ మీది దళాల బూట్ల పద్దులో ఆ ఏడు మూడో వంతు డబ్బు ఖర్చవకుండా మిగిలింది. మిగిలిందంటే అక్కర్లేనట్టే, వచ్చే ఏడు అంత మేరా కొయ్యాలి. ఆ ఆఫీసులో అందరికీ నేర్పే మొదటి పాఠం అది. ఆమె "తగ్గించవచ్చు" అని రాసి గుండ్రంగా సంతకం పెట్టింది. పై అధికారి "చురుకైన పిల్ల" అన్నాడు. ఆ పూట ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

మరుసటి ఏడు చలికాలం పోయాక ఆమె బల్ల మీదికి చిన్న కాగితం వచ్చింది. ఒక బూటు కావాలి, జత కాదు. కుడికాలిది, కొలత ఎనిమిది, ముందు భాగం కుదించి కుట్టించాలి. ఒంటి బూటేమిటని ఆమెకు నవ్వొచ్చింది. "ఎందుకు?" అని రాసి పంపింది. అదే మొదటి ఎందుకు.

డిపో సార్జంటు దగ్గర్నుంచి పది రోజులకు జవాబొచ్చింది. అంతకుముందు ఏడు వచ్చిన బూట్లలో మూడో వంతుకు అడుగులు ఊడిపోతుంటే తిప్పి పంపాం, అందుకే డబ్బు మిగిలింది. ఈ ఏడు కొత్తవి కొనడానికి డబ్బు రాలేదు, పాతవే తొడిగించాం. ఒకతని కుడికాలి వేళ్లు మూడు మంచుకు పోయాయి. ఇంతే రాశాడు ఆయన, ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఆమె కాగితం పట్టుకుని పై అధికారి దగ్గరికి పరుగెత్తింది.

"రూలు ప్రకారమే చేశావు కదమ్మా. నీ తప్పేముంది?" అన్నాడాయన.

ఆ ఓదార్పు ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి కాగితం మీది అంకెను అంకెగా చూడలేకపోయింది. గోదాములకు వెళ్లి దుప్పట్లు తడిమి చూసేది, డబ్బాల మూతలు తీయించి వాసన చూసేది. ఒకసారి వారం రోజులపాటు తొమ్మిదో నంబరు సైనిక బూట్లు తొడుక్కుని ఆఫీసుకొచ్చింది, అడుగు ఎన్నాళ్లకు అరుగుతుందో తేల్చుకోవడానికి. ఆమె మెట్లెక్కుతుంటే ధన్ ధన్‌మని చప్పుడు. గుమాస్తాలు ఎవరో కర్నలొస్తున్నాడని లేచి నిలబడి, ఆమెను చూసి ముక్కున వేలేసుకున్నారు. గడియారాలు బాగుచేసే ఆమె భర్త మాత్రం ఏమీ అనలేదు. రాత్రి ఆమె మడమల పుండ్లకు మందు రాస్తూ, "మా ఆవిడ యుద్ధానికెళ్లొచ్చింది" అని నవ్వాడు.

అలా ముప్పై రెండేళ్లు గడిచాయి. రిటైరవడానికి మూడు వారాలుందనగా ఆ బూట్లే మళ్లీ ఎదురొచ్చాయి.

ఆ ఏడు వచ్చిన సరుకులో మూడో వంతు నీళ్లలో నానబెట్టగానే అడుగులు విచ్చుకున్నాయి. మార్చి నెలాఖరుకి, అంటే లెక్కల సంవత్సరం ముగియడానికి, ఇంక పదిరోజులే. ఈలోగా ఖర్చవని డబ్బు ఖజానాకు తిరిగిపోతుంది. "ఇప్పటికి తీసేసుకుందామండీ, తర్వాత మార్పించుకోవచ్చు. డబ్బు పోతే మళ్లీ రాదు" అని ఆఫీసంతా ఆమెకు నచ్చజెప్పింది. తర్వాత అన్నది ఎప్పుడూ రాదని ఆమెకు తెలుసు. బూట్లు వెనక్కి పంపింది, డబ్బూ వెనక్కి పంపింది. పంపి, వచ్చే ఏడు పద్దు కొయ్యవద్దని చెప్పడానికి డైరెక్టరు గదికి వెళ్లింది.

డైరెక్టరు కొత్తవాడు, ఆమె వయసులో సగం ఉంటాడు. చెడ్డవాడు కాదు గానీ రూలు దాటి ఎరగడు.

"మిగిలితే కొయ్యాలి మేడమ్, కంప్యూటరే కోసేస్తుంది. ఆపాలంటే ఆధారం కావాలి. ఇలా కోసినందువల్ల ఎప్పుడైనా నష్టం జరిగిందా? కాగితం ఉందా?"

కాగితం ఉంది. పాత రికార్డుల గదిలో, కింది వరసలో, గుండ్రటి సంతకంతో సహా ఉంది. కానీ అది బయటికి తీస్తే విచారణ వేస్తారు, విచారణ తేలేదాకా పింఛను ఆపుతారు. భర్తకు చూపు మందగించి దుకాణం మూసేసి రెండేళ్లయింది. ఇల్లు గడవాలంటే ఆ పింఛనే దిక్కు. నోరు మెదపకుండా ఉంటే దండా శాలువాతో పాటు మచ్చలేని ఉద్యోగి అన్న పత్రం కూడా చేతికొస్తుంది. ఎవరికీ తెలియదు, చలికాలం వచ్చాక కొండ మీది కాళ్లకు తప్ప.

ఇంటికెళ్లి భర్తకు అంతా చెప్పింది.

"లోకాన్నంతా నువ్వే అడిగావు. ఇవాళ నేనడుగుతా. ఎందుకు? నీ ఒక్కదాని తప్పు కాదు కదా అది."

"కాదు. సంతకం నాది."

"పింఛను ఎన్నాళ్లు ఆగుతుంది?"

"తెలీదండీ."

"సరే, నా పనిముట్ల పెట్టె కిందికి దించు. చూపు పోయింది గానీ చెవులు పోలేదు. గోడ గడియారాలు చప్పుడు విని బాగుచేస్తాను."

ఆమెకు అంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మర్నాడు పాత ఫైలు దుమ్ము దులిపి, దాని మీద నోటు రాసింది. "ఈ కోత వేసింది నేను. డబ్బు ఎందుకు మిగిలిందని అడగలేదు. ఒక మనిషి మూడు వేళ్లు పోయాయి. దయచేసి ఈసారి అడగండి." డైరెక్టరు అది రెండుసార్లు చదివాడు. లేచి నిలబడి రెండు చేతులతో ఫైలు అందుకున్నాడు.

విచారణ వేయక తప్పలేదు. దండ పడింది, పత్రం మాత్రం రాలేదు. పింఛను తొమ్మిది నెలలు ఆగింది. ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో పది గోడ గడియారాలు తలో టైము చూపిస్తూ గంటలు కొట్టాయి. చివరికి హెచ్చరికతో సరిపెట్టి బకాయిలతో సహా ఇచ్చారు. బూట్ల పద్దు మీద మాత్రం కోత పడలేదు.

మరుసటి ఏడు మార్చి నెలాఖరులో డైరెక్టరు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో కొత్త ఫారం ఉంది. అందులో ఒక గడి కొత్తగా చేరింది, "డబ్బు ఎందుకు మిగిలింది?" అని. కొండ మీది డిపో నుంచి వచ్చిన కాగితం అది. ఈసారీ మూడో వంతు మిగిలిందట.

"ఏం చెయ్యమంటారమ్మా?" అన్నాడు. మేడమ్ పోయి అమ్మ వచ్చింది.

ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆ గడిలో రాసింది చదివింది. "బూట్లు గట్టివి వచ్చాయి. చలికాలం గడిచినా అరగలేదు. ఎవరి కాళ్లకూ ఏమీ కాలేదు."

ఒకసారి చదివింది. భర్తకు వినిపించాలని పైకి ఇంకోసారి చదివింది. కాగితం మడిచి ఆ కుర్రాడి చేతిలో పెట్టింది.

"తగ్గించవచ్చు బాబూ" అంది.