గాలి తీయని టైర్లు

షమ్మా ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ ఊళ్లో లెక్కల టీచరు. పోయిన శనివారం, ఇసుకలో దిగబడకుండా టైర్లలో తీయాల్సిన సగం గాలి తీయకుండానే ఎడారిలోకి తోలి, కారును ఇసుకలో ఇరికించింది. "ఆడదానికి ఇసుకేం తెలుసు!" అంటూ భర్త ఘానిమ్ తన అన్నదమ్ముల ముందు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు వారమంతా ఆమె చెవుల్లో గింగురుమంది.

ఈ శనివారం కొడుకు ఒబైద్‌ను ఇంట్లో ఉంచి ఇద్దరే బయల్దేరారు. గొప్పలు చెప్పుకుంటూ ఘానిమ్ గాలి తీయడమే మరిచాడు. షమ్మా చూసింది, నోరు మెదపలేదు. రెండో దిబ్బ మీద కారు చక్రాలు మునిగేదాకా కూరుకుపోయింది.

"పార ఏదే?" అన్నాడు.

"ఇసుక తెలిసిన మగాడివి, నీకు పార ఎందుకని ఇంట్లోనే వదిలేశా ఒబైద్ నాన్నా."

అతను చేతుల్తో తవ్వుతుంటే ఆమె ఫోను చేసి పెట్టేసింది.

"మీ అన్నదమ్ములు తాడు తెస్తున్నారు. పెళ్లాలనీ వెంటబెట్టుకు రమ్మన్నాను, నవ్వడానికి."