మూడు పొడి రోజులు

కన్నవాళ్ళు ఆమెకు మంచి పేరే పెట్టారు. ఆ పేరు హాజరుపట్టీలో నిలిచింది కాని ఎవరి నోటా నిలవలేదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ వెనకాల, అక్కడ పనిచేసే తల్లుల పిల్లల కోసం కట్టిన మేడలో, కింది గదిలో పందొమ్మిదేళ్ళుగా పసివాళ్ళను ఒంటికీ దొడ్డికీ కూర్చోబెడుతూ వచ్చిన ఆ ఆయాను వెనక అందరూ ఉస్సమ్మ అనేవారు, ఎదుట పెద్దమ్మా అనేవారు.

ఆమె పద్ధతిలో చూడడానికి విశేషమేమీ లేదు. గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారచాపి కూర్చునేది. మడమల మధ్య చిన్న బేసిన్ పెట్టి, రెండు పాదాలనూ పీటగా చేసి, బిడ్డను తన వైపు తిప్పి వాటి మీద కూర్చోబెట్టి, చంకల కింద చేతులు వేసి పట్టుకునేది. ఆపైన పెదవుల మధ్య నుంచి సన్నగా, తొందర లేకుండా ‘ఉస్స్’ అనేది. అంతే. వస్తే వచ్చింది, రాకపోతే దింపి ఆటకు వదిలేసేది. తడిపిన బిడ్డను కసరడం, తడపని బిడ్డను మరొక బిడ్డకు చూపించడం ఆమెకు తెలియవు. ఆమె విద్య అంతా కంటిలో ఉండేది. ఒక పిల్ల ఆడుతూ ఆడుతూ హఠాత్తుగా ఆగి శూన్యంలోకి చూస్తుంది. ఒకడికి చెవి కొనలు ఎర్రబడతాయి. ఇంకొకతె తన బొటనవేలిని తానే పట్టుకుంటుంది. బిడ్డకు తెలిసేలోగా ఉస్సమ్మకు తెలిసిపోయేది.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లల దగ్గర ఆమె నోట విధ్యర్థకం వచ్చేది కాదు. ‘పోసుకో’ అని ఏ బిడ్డతోనూ అనలేదు. ‘పోసుకుందామా నాన్నా’ అనేది. చేయవలసినది ఒకరే అయిన పనికి ఉత్తమపురుష బహువచనం వాడడం వ్యాకరణరీత్యా ఎంతవరకు సమంజసమో గాని, ఆ బహువచనంలో బిడ్డకు ఒక తోడు దొరికేది. తనకు అక్షరాలు దిద్దించిన గురువును మనిషి ముసలితనం దాకా తలుచుకుంటాడు, కొందరైతే దండ వేసి ఫొటో కూడా దిగుతారు. అంతకంటే ముందే, అంతకంటే అవసరమైన విద్య నేర్పిన చేతులను మాత్రం ఒక్కడూ తలుచుకోడు. ఉస్సమ్మ దగ్గర పాఠం ముగించుకున్నవాళ్ళు నాలుగు వందల మందికి పైనే. వాళ్ళలో ఎవరికైనా రోడ్డు మీద ఆమె ఎదురైతే పక్కకు తప్పుకుని పోవడమే గాని, ఎవరో తెలిసే అవకాశమే లేదు.

ఇక ఆ మేడ నియమం చెప్పాలి. రెండేళ్ళు నిండిన పిల్లలు పై గదికి వెళ్ళాలి. పై గదిలో ముప్పై మందికి ఒకే ఆయా. తుడవడానికీ మార్చడానికీ ఆమెకు తీరిక ఉండదు. అందువల్ల వరసగా మూడు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా, చెడ్డీ తడవని బిడ్డకే పైన చోటు. సాయంత్రం ఆ మేడను నడిపే మేడం స్వయంగా చేయి పెట్టి చూసి, గోడకు తగిలించిన కాగితం మీద టిక్కు పెట్టేది. ప్రతి బిడ్డకూ రెండు అవకాశాలు. రెండోసారి కూడా మూడు టిక్కులు పడకపోతే పైన చోటు లేదు, వయసు మీరింది కనుక కిందా చోటు లేదు. ఆ తల్లి మర్నాటి నుంచి పనికి ఎలా వస్తుందన్నది ఆ కాగితం అడిగే ప్రశ్న కాదు.

ఆ ఎండాకాలం వంతు కాజాల అమ్మాయి కొడుకుది. చొక్కాలకు కాజాలు కుట్టే మిషను మీద పనిచేసే ఆ అమ్మాయికి భర్త ఉన్నాడో లేడో ఆమెకే రూఢిగా తెలియదు. కొడుకు మాత్రం ఉన్నాడు, నిండుగా, గుండ్రంగా. ఎంతసేపూ తడిపేవాడు కాబట్టి తక్కిన తల్లులు వాడికి ఊటగాడని పేరు పెట్టారు. ఉస్సమ్మ కంటికి కూడా అంతుపట్టని బిడ్డ వాడొక్కడే. ఆడుతూనే, నవ్వుతూనే, ఆమె ముఖంలోకి చూస్తూనే తడిపేసేవాడు. అయినా ఆమె తొందరపడలేదు. ఈ మధ్య వాడి ఎడమ కాలు ముందుగా చిన్నగా వణుకుతోందని కనిపెట్టింది. పది సార్లలో ఆరు సార్లు అందుకోగలుగుతోంది. ఇంకొక నెల ఉంటే పదికి పదీ అందుకునేదే.

మొదటి అవకాశంలో రెండు రోజులు గడిచాయి. మూడో రోజు నాలుగున్నరకు, మేడం గుమ్మంలో ఉండగా, వాడు బొమ్మ లారీ నడుపుతూ లారీతో సహా తడిపేశాడు.

మేడం ఉస్సమ్మను తుడవనివ్వలేదు. మిషను ఆపించి తల్లిని పిలిపించింది.

“నీ కొడుకు చేసింది నువ్వే తుడువు. మా వాళ్ళకి వేరే పనులున్నాయి.”

కాజాల అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. పిల్లలను తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు దారి మూసుకుని నిలబడి చూశారు.

“రోజుకి వెయ్యి కాజాలు కుడుతుందమ్మా, ఇంట్లో ఉన్న ఒక్క చిల్లు మాత్రం కుట్టుకోలేకపోయింది!” అంది కాలర్లు కుట్టే ఆవిడ. అందరూ నవ్వారు. కాజాల అమ్మాయి కూడా నవ్వబోయి, నవ్వలేక, కొడుకు తొడ పట్టుకుని మెలిపెట్టింది. వాడు ఏడవడానికి ముందు, ఆట అనుకుని ఒక్క క్షణం నవ్వాడు.

“వాడికి ఇంకొక్క నెల టైమివ్వండి మేడం,” అంది ఉస్సమ్మ. “ఒంట్లో ముందు వాడికి తెలియాలి కదా. తిడితే తెలిసేది కాదది.”

“వాడి సౌకర్యం కోసం క్యాలెండరు మార్చమంటావా? సోమవారం నుంచి రెండోసారి. అదే ఆఖరు,” అంది మేడం. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది. “పందొమ్మిదేళ్ళలో ఒక్క పిల్ల కూడా నా చేతిలో తప్పలేదని నువ్వే కదా చెప్పుకుంటావు పెద్దమ్మా? చూద్దాం.”

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

గేటు దగ్గర కాజాల అమ్మాయి ఆమె చేయి పట్టుకుంది. “పెద్దమ్మా, వీడు తప్పాడంటే నేను తప్పినట్టే. ఇంట్లో పెట్టి తాళమేసి రాలేను కదా. నాకు వెనకా ముందూ ఎవరున్నారు చెప్పు?”

“నేనున్నానుగా. పో, వాడి తొడకి నూనె రాయి,” అంది ఉస్సమ్మ.

పై గది ఆయా పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేది. ఆమె ఆదివారం ఉస్సమ్మ ఇంటికి వచ్చి, అడగకుండానే సలహా ఇచ్చింది.

“అక్కా, నువ్వు వాడి కాలు చూస్తావు, చెవి చూస్తావు, నోరు మాత్రం చూడవేం? పైనుంచి పోస్తేనే కదా కిందనుంచి వచ్చేది? పెద్దాఫీసు వాళ్ళు చూడ్డానికొచ్చే రోజు నేను చేసేదేగా. పొద్దున్నించి చుక్క పోయను. ముప్పై మందీ ఎండుటాకుల్లా ఉంటారు.”

“ఛీ, నోరు ముయ్యి. వాళ్ళు పిల్లలనుకున్నావా, పూలకుండీలనుకున్నావా?”

“నేను మూసుకుంటాలే. వాడి నోరు సంగతి చూడు,” అని నవ్వుకుంటూ పోయింది పొడుగు ఆయా.

సోమవారం పొద్దున వాడు తల్లి పట్టిన పాలు తాగి వచ్చాడు. తొమ్మిదింటికి ఉస్సమ్మ పాదాల మీద కూర్చుని బుద్ధిగా పోసుకున్నాడు. ఆమె మనసు కుదుటపడింది. పదింటికి నీళ్ళ గ్లాసులు పంచే వేళ అయింది. ఎండకు గది అప్పటికే వేడెక్కింది. వాడు గ్లాసు కోసం రెండు చేతులూ చాపాడు. ఆమె గ్లాసు ఇవ్వబోయింది. గోడ మీది కాగితం కనిపించింది.

“వద్దా నాన్నా? మనకొద్దు కదా,” అంది.

లాక్కోలేదు, కసరలేదు. తనకు తెలిసిన పద్ధతి ఒక్కటే కనుక ఆ పద్ధతిలోనే చేసింది. వాడి ముఖం మెల్లగా పక్కకు తిప్పింది, వీపు నిమిరింది, గ్లాసును మరొక బిడ్డకు ఇచ్చింది, లారీని వాడి చేతిలో పెట్టింది. వాడు తల తిప్పినప్పుడల్లా మెచ్చుకుంది. తాను మాత్రం దాహమేసినప్పుడు తలుపు వెనక్కి వెళ్ళి తాగి, మూతి తుడుచుకుని వచ్చేది. అయిదింటికి మేడం చేయి పెట్టి చూసి టిక్కు పెట్టింది.

మంగళవారం వాడు ‘నీ... నీ...’ అంటూ గది అంతా ఆమె కొంగు పట్టుకుని తిరిగాడు. వాడికి వచ్చిన ఏడెనిమిది మాటల్లో అదొకటి. మధ్యాహ్నం ముద్ద మింగలేక బుగ్గన పెట్టుకున్నాడు. బకెట్టు అంచున ఆరవేసిన తడిగుడ్డ కొసను నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ ఉండగా ఆమె చూసింది. మెల్లగా, వేళ్ళొక్కొక్కటే విప్పి, గుడ్డను విడిపించింది. వాడు ఏడ్చాడు. ఏడుపుకు శబ్దం ఉంది కాని నీరు లేదు. మూడింటికి ఎడమ కాలు వణికింది. పాదాల మీద కూర్చోబెడితే చాలాసేపటికి నాలుగు చుక్కలు పడ్డాయి, పసుపు ముద్ద కలిపినట్టు. వాడు ఆమె భుజంలో ముఖం దాచుకుని కేక పెట్టాడు. ఆమె ఎవరూ రాకముందే బేసిన్ కడిగేసింది. అంతకుముందు ఎప్పుడు ఏ బిడ్డకు అలా వచ్చినా ముందుగా తల్లిని పిలిచి చూపించింది ఆమే. అయిదింటికి రెండో టిక్కు పడింది.

కాజాల అమ్మాయి సంతోషంతో కొడుకును ఎత్తి గిర్రున తిప్పింది. “పెద్దమ్మా, నీ చేతిలో మంత్రం ఉందే!”

“ఇంటికెళ్ళగానే బాగా తాగించు,” అంది ఉస్సమ్మ.

“తాగిస్తే రాత్రంతా పక్క తడుపుతాడు పెద్దమ్మా. అలవాటు చెడదూ? రేపొక్కరోజు గడవనీ.”

ఆ తప్పును దిద్దకుండా ఉస్సమ్మ లారీని తీసి గూట్లో పెట్టింది. దిద్దాలంటే ముందు తన తప్పు చెప్పాలి.

బుధవారం వాడు నీళ్ళు అడగలేదు. పదింటికి పక్క పిల్ల గ్లాసు వాడి ముఖం దగ్గరికి వచ్చినప్పుడు, అరచేతి వెనక భాగంతో తోసేసి, ఉస్సమ్మ ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. “నా బంగారు కొండ!” అంది ఆమె. వాడు పెదవులు పగిలిన నోటితో నవ్వాడు. మధ్యాహ్నానికల్లా లారీ పక్కన సోలిపోయి పడుకున్నాడు. పడుకున్నవాడు తడపలేదు. అయిదింటికి మూడో టిక్కు పడింది.

“చూశావా? గట్టిగా నిలబడితే ఏదైనా అవుతుంది. నెల కావాలన్నావు,” అంది మేడం. తల్లులంతా ఉస్సమ్మను మెచ్చుకున్నారు. కాలర్లు కుట్టే ఆవిడ తన కూతురిని కూడా ఇలాగే చూడమని అప్పుడే బతిమాలింది. పందొమ్మిదేళ్ళలో ఆమెను అంతమంది ఒక్కసారి మెచ్చుకోవడం అదే మొదలు.

గురువారం వాడు రాలేదు, శుక్రవారమూ రాలేదు. జ్వరమని కబురు వచ్చింది. ఉస్సమ్మ ఆ రెండు రోజులూ ప్రతి బిడ్డకూ గ్లాసు మీద గ్లాసు తాగించి, గదంతా తడిసినా విసుక్కోకుండా తుడిచింది. ఎవరి దాహం ఎవరితో తీర్చబోయిందో ఆమెకే తెలియాలి.

సోమవారం ఎనిమిదింటికి కాజాల అమ్మాయి కొడుకును చంకనేసుకుని వచ్చింది. వాడి గుండ్రదనం పోయింది. మేడం మెట్ల దగ్గర నిలబడి ఉంది.

“డాక్టరమ్మ నన్ను కడిగేసింది పెద్దమ్మా,” అంది కాజాల అమ్మాయి. “వీడి ఒంట్లో నీళ్ళే లేవంట. మంట పుట్టి, లోపల పుండులా అయిందంట. పగలు ఎవరు చూస్తారు, నీళ్ళు పెడతారా పెట్టరా అని నిలదీసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా పెద్దమ్మ కన్నతల్లి కంటే ఎక్కువండీ, ఆవిణ్ణి ఒక్క మాటన్నా ఊరుకోనని చెప్పొచ్చాను.” కొడుకును మరో చంకకు మార్చుకుంది. “అయినా... ఒకసారి అడుగుదామని. పెట్టావు కదా?”

మెట్ల దగ్గర మేడం ఇటు తిరిగింది. “ఏంటది? నీళ్ళు పెట్టకుండా పొడిగా ఉంచారంటే ఆ మూడు టిక్కులూ చెల్లవు. ముందే చెప్తున్నా.”

కాజాల అమ్మాయి ముఖంలో రక్తం దిగిపోయింది. ఉస్సమ్మ ఆ ముఖాన్ని చూసింది, మేడంను చూసింది, గోడ మీది కాగితాన్ని చూసింది. బిడ్డను మాత్రం చూడలేదు.

“పెట్టానమ్మా. గంటగంటకీ పెట్టాను. వాడే తాగడు,” అంది.

కాజాల అమ్మాయి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. “ఏరా, పెద్దమ్మ పెడితే తాగవా? మందుల పాలై చావగొట్టావు కదరా నన్ను! నీకంత పొగరేంటి?” తర్వాత గొంతు తగ్గించింది. “నా ముందొకసారి పట్టు పెద్దమ్మా. ఎలా తాగడో చూస్తాను.”

ఉస్సమ్మ గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. గ్లాసును వాడి పెదవుల దగ్గరికి తెచ్చి, “తాగుదామా నాన్నా?” అంది.

వాడు నీళ్ళను చూశాడు. చిన్న గొంతు ఒకసారి కదిలింది. తర్వాత తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, అరచేతి వెనక భాగంతో గ్లాసును తోసేశాడు. తోసేసి, ఆమె వైపే చూస్తూ నవ్వాడు.

“అమ్మో, నువ్వన్నది నిజమే పెద్దమ్మా!” అంది కాజాల అమ్మాయి. కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. “నిన్ను అనుమానించాను. పాపిష్టిదాన్ని, ఏమీ అనుకోకు.”

“మొండిఘటం. పైకి తీసుకురా, దారికొస్తాడు,” అంది మేడం.

తల్లి భుజం మీద నుంచి వాడు ఉస్సమ్మనే చూస్తూ మెట్లెక్కాడు. మెచ్చుకోలు ఇంకా రాలేదని వాడికి అర్థమైనట్టుంది. మలుపు తిరిగే దాకా ఆ నవ్వును అలాగే పట్టుకుని ఉన్నాడు.