రోస్విత ఒంటి కథ

రోస్విత రోజుకు పన్నెండు ఒళ్లు కడిగేది. మ్యూరిట్స్ సరస్సుకు దగ్గర్లో ఉన్న చిన్న ఊళ్లో, వృద్ధాశ్రమంలో, ఇరవై రెండేళ్లుగా అదే పని. పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదయ్యేసరికి అందరివీ అయిపోవాలి. మొహం, చంకలు, వీపు, కాళ్లు. పక్కకు దొర్లించి, పుండు పడుతోందేమో చూసి, మళ్లీ ఇటు దొర్లించి, బట్టలు తొడగడం. ఆమెకు తెలిసిన ముసలి ఒళ్లన్నీ పడుకున్నవే.

అందుకేనేమో, యాభై మూడేళ్ల తన ఒంటిని చూసుకోవడం మానేసింది. జారిన పొట్ట, కొడుకు పుట్టినప్పటి కోత, పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగిన నరాలు. చూస్తే ముందు రాబోయేదే కనిపించేది. లారీ తోలే మొగుడు డెట్లెఫ్ పని కోసం దేశంలో పడమటి వైపుకు వెళ్లి, అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. అప్పటినుంచి స్నానాల గదిలో అద్దానికి వీపు పెట్టి నిలబడటం ఆమెకు అలవాటైపోయింది.

ఒక వసంతంలో, బరువైన ఒక పెద్దాయన్ని లేపబోతే నడుము పట్టేసింది. డాక్టరు ఈదమన్నాడు. ఈత దుస్తుల కోసం దుకాణానికి వెళ్లింది. మూడు సైజులు తొడిగి చూసింది, మూడూ తొడల దగ్గరే ఆగిపోయాయి. బట్టలు మార్చుకునే చిన్న గదిలో తెర లాక్కుని స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు.

జూన్‌లో ఒక ఆదివారం సైకిలెక్కి, ఊరివాళ్ల రేవు దాటి, రెల్లుపొదల అవతలికి వెళ్లింది. బట్టల్లేకుండా స్నానాలు చేసేవాళ్ల చోటు అది. చిన్నప్పుడు అమ్మా నాన్నలతో వచ్చేది, పదమూడో ఏట సిగ్గేసి మానేసింది. ఇప్పుడు ఇష్టంతో రాలేదు. ఆశ్రమంవాళ్లెవరూ అటువైపు రారని వచ్చింది. డెట్లెఫ్ వదిలేసిపోయిన పొడుగు చొక్కాతోనే నీళ్లలోకి దిగింది.

"ఏయ్ పిల్లా!" ఒడ్డున దోసకాయ కోస్తున్న ముసలావిడ కేకేసింది. "ఆ గోనెసంచితో మునిగిపోతావే! నిన్ను బయటికి లాగుదామంటే ఇక్కడ డెబ్బై దాటనివాడు ఒక్కడూ లేడు."

నలుగురైదుగురు నవ్వారు. రోస్విత మొహం ఎర్రబడింది. "నాకు అలవాటు లేదండీ."

"అండీనా? బట్టల్లేని చోట అండీలూ గారులూ ఉండవు. నేను ట్రౌడెల్‌ని. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ఉత్తరాలు పంచాను. నిన్ను ఉయ్యాల్లో చూశాను."

ఆ రోజు రోస్విత చొక్కా విప్పలేదు. తడిబట్టలో వణుకుతూ తువ్వాలు మీద కూర్చుని చూసింది. తుంటి ఎముక మార్పించుకున్న ఒట్టోకార్ అనే ఆయన, తొడ పొడవునా మచ్చతో, షటిల్ ఆడుతూ పాయింట్ల కోసం పోట్లాడుతున్నాడు. ఒక రొమ్ము తీసేసిన ఆవిడ వంగి అక్కడున్న ఆరుగురికీ ఉడికిన గుడ్లు ఒలుస్తోంది. అవే ముడతలు, అవే నరాలు. రోజూ తన చేతుల కింద పడి ఉండేవే. కానీ ఇవి నిలబడి ఉన్నాయి, నడుస్తున్నాయి, అలుగుతున్నాయి. ఇలా కూడా ఉంటాయని ఆమెకు ఇన్నాళ్లూ తోచలేదు.

మూడో ఆదివారం విప్పేసింది. ధైర్యం వచ్చి కాదు, తడి చొక్కాకు చలేసి. ఎవరూ తల తిప్పలేదు. "ఆ ఉప్పు ఇలా అందుకో," అంది ట్రౌడెల్. అంతే.

అద్భుతమేమీ జరగలేదు. నడుము నొప్పి నెమ్మదించింది, పోలేదు. సోమవారం ఆరింటికి మళ్లీ పన్నెండు ఒళ్లు. కాకపోతే ఎండాకాలం మేజోళ్లు మానేసి, పిక్కల మీది నరాలు కనిపిస్తూనే డ్యూటీకి వెళ్లేది. అలా ఆరు వేసవులు గడిచాయి.

ఏడో వేసవికి ముందు, నవంబరులో, పన్నెండుమంది జాబితాలో ట్రౌడెల్ పేరు చేరింది. పక్షవాతం, కుడివైపు పడిపోయింది.

రోస్విత వేణ్ణీళ్ల గిన్నెతో గదిలోకి వెళ్లింది. సూపర్‌వైజరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "మీ వీపు కడగనా అండీ?" అని అడిగింది రోస్విత, ఆశ్రమం పద్ధతి ప్రకారం.

ట్రౌడెల్ ఆమెను ఎగాదిగా చూసింది. సూపర్‌వైజరమ్మ వెళ్లేదాకా ఆగి, సగం నోటితో "మీ... వీపట!" అంది. మాటలు ముద్దగా వచ్చాయి. "ఇదేం న్యాయమే? నేనొక్కదాన్నే విప్పుకోవాలా?"

రోస్వితకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మంచం అంచున కూలబడింది. ఆ రోజు మిగతావాళ్లందరికీ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. తిట్లు పడ్డాయి.

జూన్‌లో ట్రౌడెల్ సరస్సుకు తీసుకెళ్లమని అడిగింది. రోస్విత అనుమతి కోసం కాగితం రాసింది, రెండుసార్లు ఆఫీసులో అడిగింది. చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడుతుందన్నారు, వెంట రావడానికి మనుషులు లేరన్నారు. కుదరలేదు. చివరికి ఒక మధ్యాహ్నం మంచాన్ని కిటికీ కిందికి జరిపి, తలుపు గడియపెట్టి, గౌనూ దుప్పటీ తీసేసింది. అరగంటసేపు ఆ ముసలి ఒంటి మీద ఎండ పడింది.

"హాయిగా ఉందా?"

"పొట్ట మీద పడట్లేదు. ఇంకాస్త జరుపు," అంది ట్రౌడెల్.

జరిపింది.

ఆగస్టులో ట్రౌడెల్ పోయింది. ఆఖరిసారి కడిగింది రోస్వితే. ఆ ఆదివారం సరస్సుకు వెళ్లి, అందరికీ చెప్పి, ఎవరైనా ఏదైనా అనేలోగా తువ్వాలు మీద బోర్లా పడుకుంది. పడుకోగానే నిద్ర పట్టేసింది. లేచేసరికి రెండు గంటలు గడిచిపోయాయి, వీపంతా కందిపోయి మండుతోంది.

"లేపుదామనుకున్నాం," అన్నాడు ఒట్టోకార్ పెరుగు డబ్బా పట్టుకుని వచ్చి. "అంత గుర్రు పెడుతుంటే ఎవరికి మనసొప్పుతుంది? పెరుగు రాస్తే మంట చల్లారుతుంది. వీపుకి రాయనా?"

"రాయి," అంది రోస్విత, కళ్లు తెరవకుండానే.