భుజానికి బేరం

లేచి వెళ్లిపోవడంలో నాకు సాటి వచ్చే ఆడమనిషి సూర్యాపేట మొత్తంలో లేదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. మా వాళ్లలో పెళ్లి బట్టలకు ఎవరు బయలుదేరినా ముందు నాకే ఫోన్ చేసేవారు. చెప్పిన ధరకు సగం అడిగి, దుకాణదారు తల అడ్డంగా ఊపగానే చీర అక్కడే పెట్టేసి, చెప్పులు వేసుకుని మెట్లు దిగడం నా పద్ధతి. వెనక నుంచి పిలుపు రాని రోజు లేదు. అదే పద్ధతిలో మిర్యాలగూడలో ఒక ఎముకల డాక్టరు ముందు నుంచి కూడా లేచి వచ్చాను, మా ఆయన తెగిన భుజాన్ని వెంటబెట్టుకుని. అంత పెద్ద బేరం మా ఇంట్లో ఎవరూ చేసి ఉండరు.

పద్ధతి నేర్పింది మా నాన్న. ఆయనది సూర్యాపేటలో బట్టల దుకాణం, ఇప్పుడు మా అన్న చూసుకుంటున్నాడు. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని బడి లెక్కలు చేసుకునే వయసులోనే చెప్పాడు: కొనడానికి వచ్చినవాడు లేవగానే పిలవకూడదు, మూడో మెట్టు మీద పిలవాలి. ముందే పిలిస్తే ఇంకా తగ్గించమంటాడు, వీధిలోకి వెళ్లాక పిలిస్తే వినపడదు. అందుకే నేను కొనడానికి వెళ్లినప్పుడు సరిగ్గా మూడో మెట్టు మీద ఆగి చెప్పు పట్టీ సరిచేసుకుంటాను.

మా ఆయన అనంతగిరి వైపు ఒక సర్కారు బడిలో లెక్కల మాస్టారు. కాపురం కోదాడలో. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బండి జారింది. కుడి భుజం మీద పడ్డాడు. కోదాడలో ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. చెయ్యి మాత్రం లేవలేదు. మూడో వారంలో, భుజాలు బాగు చేస్తాడని పేరున్న డాక్టరని, మిర్యాలగూడ వెళ్లాం.

డాక్టరు ఎక్స్‌రే వైపు ఎక్కువసేపు చూడలేదు. మా ఆయన చేతిని పక్కకు భుజం ఎత్తు దాకా లేపి, మెల్లగా దించమని వదిలాడు. ఆయన దించలేదు, అది పడింది. తొడ మీద దబ్బుమని. తర్వాత బొటనవేలు నేల వైపు పెట్టి, చెంబులో నీళ్లు ఒంపుతున్నట్టు చెయ్యి చాపమన్నాడు. రెండు వేళ్లతో నొక్కితే వంగిపోయింది. చేతిని పైకి లేపే కండ చివర పట్టీలాగా ఎముకకు అతుక్కుని ఉంటుందట; అది ఊడినట్టుంది, ఎంత ఊడిందో ఎమ్మారైలో తెలుస్తుందన్నాడు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, ఎముకలోకి చిన్న స్క్రూలు దింపి, వాటికున్న దారాలతో పట్టీని మళ్లీ ఎముకకు కుట్టాలి. తొందరగా చేయించుకుంటే మంచిది. అన్నీ కలిపి లక్షా నలభై వేలు.

ఆ తొందర నాకు కొత్త కాదు. మా దుకాణంలో రోజూ అనేవాళ్లం, ఈ రంగులో ఇదొక్కటే మిగిలిందని. నేను తొంభై అన్నాను. డాక్టరు నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. ఇందులో తగ్గించడానికి ఏమీ లేదనీ, ఆలోచించుకుని రమ్మనీ చెప్పాడు. డబ్బు లేక కాదు, బ్యాంకులో ఉంది. అయినా లేచాను. మా ఆయన నా మొహం చూసి, ఎడం చేత్తో ఎక్స్‌రే కవరు అందుకుని తనూ లేచాడు. ఇరవై ఏళ్లుగా నేను లేస్తే లేవడం ఆయనకు అలవాటు.

మూడో మెట్టు మీద ఆగాను. పైన కాంపౌండరు తర్వాతి నంబరు పిలిచాడు. మా ఆయన రెయిలింగు పట్టుకుని వెనక్కి చూశాడు.

“ఇంకోసారి అడిగి చూద్దామా?”

“మీరు నడువుండ్రి. ఆళ్లే పిలుస్తరు.”

చీటీ మీద మా ఫోన్ నంబరుంది. ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు ఆ ఫోన్ కోసం చూశాను.

తర్వాత గోళీలు, నూనె, వేడి కాపడం. నొప్పి నిజంగానే తగ్గింది. దాన్ని నా గెలుపు కింద రాసుకున్నాను. సూర్యాపేటలో మా అన్న ఇంట్లో ఏదో విందులో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాను. “దవాఖానను గూడ చీరల షాపు చేసినవ్ గదనే,” అంది మా వదిన. మా ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి పక్క కుర్చీ మీద పెట్టుకున్నాడు, ఎవరిదో సంచి జరిపినట్టు. ఇంకెవరూ చూడలేదు. నేను చూశాను, చూసి ఇంకో జోకు వేశాను.

పది నెలల తర్వాత ఒక రోజు ఆయన మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని బడికి వెళ్లాను. కిటికీలోంచి బోర్డు కనిపించింది. లెక్కలన్నీ కింది సగంలోనే ఉన్నాయి. పై సగం నల్లగా, ఎన్నాళ్లుగానో ఎవరూ ముట్టనట్టుంది. ఆయన మోచేయి నడుముకు ఆనించుకుని, ఒంగి రాస్తున్నాడు. వెనక బెంచీల పిల్లలు నిలబడి చూసి రాసుకుంటున్నారు. లేవమని ఎవరూ చెప్పలేదు, వాళ్లకది మామూలైపోయింది. ఒక్క పిల్లవాడు కూడా కనపడడం లేదని అనలేదు. డబ్బా గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాను.

ఆ రోజు నుంచి చప్పుడు మొదలైంది. మా అన్న దుకాణంలో బట్టల తాను బల్ల మీద పడేసినా, ఇంట్లో తలగడ కింద పడినా, నాకు వినిపించేది ఆ చెయ్యి తొడ మీద పడిన చప్పుడే. ఇప్పటికీ అంతే. పక్కనే ఆయన పేపరు చదువుకుంటూ ఉన్నా సరే, తిరిగి చూసి చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంటాను.

మళ్లీ మిర్యాలగూడ వెళ్లాం. అప్పుడే చెప్పాను కదా అని డాక్టరు దులిపేస్తాడని గుండె రాయి చేసుకుని కూర్చున్నాను. ఆయన నన్ను గుర్తే పట్టలేదు. పది నెలలు నేను ఎవరి మీద పంతం పట్టానో ఆ మనిషికి పంతం సంగతే తెలియదు. ఎమ్మారై తెర మీద చూపించాడు: పట్టీ చివర ఎముకను వదిలి లోపలికి ముడుచుకుపోయింది. నల్లగా ఉండాల్సిన కండలో తెల్లటి చారలు. పని లేక కొవ్వు పట్టిందన్నాడు.

“ఇన్ని రోజులు ఎందుకు ఆగిన్రు మాస్టారూ?”

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నాడు: “సెలవు దొరకలేదండీ.”

డాక్టరు ఫైల్లో అదే రాసుకున్నాడు. మూడు స్క్రూలకు ఖర్చు అంచనా రాస్తున్నానని, లోపల చూశాక గానీ ఎంత కుట్టు పడుతుందో చెప్పలేనని అన్నాడు. ఆ మాట నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కొత్తగా చిరిగిన అంచుకు కుట్టు నిలుస్తుంది. చివికిన అంచులో సూది పెడితే దారమే గుడ్డను కోసుకుంటూ వచ్చేస్తుంది.

ఆపరేషన్ అయ్యాక, చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతుండగా, ఆయన్ని అడిగాను, సెలవని ఎందుకు చెప్పిన్రని.

“నువ్వు లేస్తే నేనూ లేచాను కదా. కాళ్లు నావే,” అన్నాడు.

తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

డిశ్చార్జి రోజు బిల్లు లక్షా ఇరవై ఆరు వేలు. మూడో స్క్రూ వాడలేదని కౌంటర్లో దాని ఖరీదు కొట్టేశారు. నేనేమీ అడగలేదు. దాన్ని తగ్గింపు అనలేను. ఆ స్క్రూ దారం పట్టుకోవడానికి లోపల పట్టీ మిగల్లేదు. ఆరు నెలల ఫిజియోథెరపీకి మరో ఇరవై రెండు వేలు. మొత్తం లక్షా నలభై ఎనిమిది వేలు. నొప్పి లేదు. చెయ్యి భుజం ఎత్తు దాటి నాలుగు వేళ్ల మందం లేస్తుంది. అంతకు మించి ఇక లేవదని డాక్టరు చెప్పాడు.