జ్వరం తగ్గిన రోజు

ఆ లాడ్జీ పై అంతస్తులో పదకొండు గదులు ఊడ్చేదీ, తుడిచేదీ, పక్కబట్టలు మార్చేదీ ఆవిడే. అందరూ దుప్పట్లక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీ చూస్తే తప్ప మేనేజరుకి కూడా గుర్తొచ్చేది కాదు. పదహారేళ్లుగా అదే పని. మొహమాటం ఎరగని మనిషి.

ఒక వానాకాలం, తూకం యంత్రాలు బాగుచేసే మెకానిక్ చివరి గదిలో దిగాడు. ఊరూరా తిరిగే ఉద్యోగం. వచ్చిన మర్నాడే జ్వరం పట్టుకుంది. కళ్ల వెనక పోట్లు, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు. ఆసుపత్రికి వెళ్లమని దుప్పట్లక్క రోజూ పోరింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వానలో తడిశాను, అదే పోతుందంటూ అతను సంచిలో ఉన్న నొప్పి మాత్రలు మింగుతూ పడుకున్నాడు.

ఐదో రోజు పొద్దున జ్వరం దిగిపోయింది. మెకానిక్ పెట్టె సర్దుకుని బస్సుకి తయారయ్యాడు. పక్క తీయడానికి వచ్చిన దుప్పట్లక్క దిండు గలీబు మీద నెత్తుటి మరకలు చూసింది. అడిగితే, చిగుళ్ల నుంచి కాస్త వస్తోందన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు, తెల్లారినప్పటి నుంచి కడుపులో నొప్పి, మూడు వాంతులు. చెయ్యి పట్టుకు చూసింది. మంచులా చల్లగా ఉంది.

రెండేళ్ల క్రితం ఆవిడ ఆడపడుచుకీ ఇలాగే జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకుని ఎవరి పనులకి వాళ్లు వెళ్లారు. సాయంత్రానికి మనిషి దక్కలేదు.

"తమ్ముడూ, డెంగీలో జ్వరం తగ్గాకే అసలు గండం. పద, ఆసుపత్రికి."

"బస్సు పోతుందక్కా."

"పోతే ఇంకోటి వస్తుంది. పెట్టె ఇటియ్యి."

పెట్టె లాక్కుని ముందు నడిచింది. మిగతా గదుల సంగతేమిటని మేనేజరు గొణిగితే, ఒక్కపూట దుప్పట్లు మార్చకపోతే ఎవరూ చచ్చిపోరని, ఆటో పిలవమంది.

రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వెంటనే సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ ఆ నొప్పి మాత్రలు చూసి చీవాట్లు పెట్టింది. ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి, డెంగీ అనుమానం ఉంటే పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వేసుకోకూడదంది. దీనికి ప్రత్యేకమైన మందంటూ లేదని, వేళకి ఒంట్లోకి నీరు ఎక్కించి కనిపెట్టుకుని ఉండటమే వైద్యమని చెప్పింది. దోమ కుట్టిన నాలుగైదు రోజులకి గానీ జ్వరం రాదు కాబట్టి ఇతనికి జబ్బు అంటించిన దోమ వేరే ఊరిదే అయినా, ఇక్కడ ఇతన్ని కుట్టిన లాడ్జీ దోమలు ఇంకొకరికి అంటించవచ్చని కూడా హెచ్చరించింది.

ఆ మాట విన్న దుప్పట్లక్క తిన్నగా లాడ్జీకి వచ్చి మేడ ఎక్కింది. మూతలేని డ్రమ్ములో, పగిలిన వాష్‌బేసిన్లలో తేటగా వాననీళ్లు; వాటి నిండా రేపు దోమలయ్యే తోకపురుగులు. రేపు ఎవరినైనా పంపిస్తానన్న మేనేజరు చేతికే చీపురిచ్చింది. ఇద్దరూ కలిసి అన్నీ బోర్లించి రుద్దారు.

ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజుకి మెకానిక్ లేచి కూర్చున్నాడు. వాళ్లావిడ ఫోన్ చేసి, నా మాటే వినని మొండి మనిషిని ఎలా లొంగదీశారని దుప్పట్లక్కని అడిగింది. ఇద్దరూ చాలాసేపు అతని మీద చాడీలు చెప్పుకున్నారు. అతను కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించాడు.